తమ్మీ, ఇల్లు రాసిచ్చే ముందు ఇది చదువు

తమ్మీ,

దసరా నాడు జమ్మి చేతిలో పెట్టి, "ఇల్లూ పొలమూ పిల్లగాని పేరు మీద రాసిచ్చి నిశ్చింతగా ఉంటనే అన్నా" అన్నావు. పండుగ పూట నలుగురిలో మాట పెంచడం ఎందుకని ఊరుకున్నా. హన్మకొండ వచ్చినప్పటి నుంచి అదే మనసులో తిరుగుతోంది.

ఇప్పుడే రాసివ్వకు. పిల్లగాడు మంచోడే, కోడలూ మంచిదే. కానీ గిఫ్ట్ డీడ్, అదే దానపత్రం, రిజిస్ట్రేషన్ అయ్యాక ఇల్లు వాడిది. రేపు వ్యాపారానికని తాకట్టు పెడితే వద్దనే హక్కు నీకుండదు. వీలునామా అట్లా కాదు. నువ్వున్నంత కాలం ఆస్తి నీదే, మనసు మారితే ఇంకోటి రాసుకోవచ్చు. తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది, స్టాంపు పేపరు అక్కర్లేదు. నీ సంతకం చూసి ఇద్దరు సాక్షులు సంతకాలు పెట్టాలి. ఆస్తి వచ్చేవాళ్లు సాక్షులుగా వద్దు. నీకన్నా చిన్నవాళ్లను పెట్టు. నా దోస్తు ఒకాయన తన ఈడువాళ్లనే పెట్టుకున్నాడు, అవసరం పడ్డనాటికి ఇద్దరూ పోయారు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయించు, దొంగ కాగితం అనేవాళ్ల నోరు కొంత మూతపడుతుంది.

కాదు, ఇచ్చే తీరుతానంటే డీడ్‌లోనే "మమ్మల్ని చివరిదాకా చూసుకోవాలి" అని షరతు రాయించు. అది ఉండి కూడా చూసుకోకపోతే, 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కింద ఆర్డీవో దగ్గరికి పోయి రద్దు అడగొచ్చు. "సొంత కొడుకే కదా సార్, అదెందుకు" అంటాడు డాక్యుమెంట్ రైటర్. వినకు.

ఇంకో మాట. "బిడ్డకు కట్నం ఇచ్చినం కదా" అన్నావు, నాకు నచ్చలేదు. ఎన్టీఆర్ హయాంలోనే, 1985 నుంచి, మన దగ్గర పెళ్లికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో వాటా ఉంది. 2005లో హిందూ వారసత్వ చట్టానికి చేసిన సవరణతో పెళ్లయినవాళ్లకూ వచ్చింది. తాతల నుంచి దిగిన పొలంలో నీ వాటా వరకే నువ్వు వీలునామా రాయగలవు. ఇల్లు నీ కష్టార్జితం, అది నీ ఇష్టం.

బాపు పోయినప్పటి సంగతి గుర్తుందా? పొలం పాస్‌బుక్ కోసం పదోదినం కాకముందే సందూగ తాళం పగలగొట్టాం. అవ్వ ఆ మూలన కూర్చుని చూస్తూనే ఉంది. తర్వాత సర్వే నంబరులో బై నంబరు తప్పు పడిందని విరాసత్ కోసం, అదే పొలం మన పేర్ల మీదికి మార్పించుకోవడానికి, రెండేళ్లు ఆఫీసు మెట్లెక్కాం. అందుకే చెబుతున్నా, పాస్‌బుక్‌లో ఉన్న విస్తీర్ణమూ, మోక మీద, అంటే నేల మీద, ఉన్నదీ ఒకటేనా అని ఇప్పుడే చూసుకో. సాదాబైనామా మీద, అంటే రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకుని, కొన్న ఆ పది గుంటలకు, అమ్మినాయన బతికుండగానే రిజిస్ట్రేషన్ చేయించుకో. ఆయనకూ నీ వయసే.

బ్యాంకులో నామినీ పేరు చూసుకో. 2025 నవంబరు నుంచి ఒక ఖాతాకు నలుగురిని పెట్టొచ్చు. నామినీ అంటే డబ్బు తీసుకునేవాడే, సొంతదారు కాదు. వారసులకు పంచాల్సిందే.

చివరిది చెప్పడానికి నాకే నోరు రావట్లేదు. తిరిగి లేవలేని స్థితిలో వెంటిలేటర్ వద్దనుకుంటే ముందే రాసిపెట్టుకోవచ్చని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో సులువు చేసింది, ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసర్ చాలు. నేను రాశా. మీ వదిన రెండు రోజులు మాట్లాడలేదు, మూడోనాడు తనదీ రాయమంది.

సంక్రాంతికి బిడ్డ వస్తుంది కదా, నేనూ పరకాల వస్తా. అందరి ముందూ మాట్లాడదాం. ఈలోపు కాగితాలన్నీ ఒక సంచిలో పెట్టి, సందూగ తాళంచెవి మరదలికి ఇయ్యి.

మీ అన్న