గ్లూకోజ్ ఫార్ములా: పుస్తకంలోది ఎందుకు రాలేదంటే

గ్లూకోజ్‌లోని మూలకాల శాతాలు, అణుభారం ఇచ్చి ఫార్ములా కనుక్కోమన్న ప్రశ్నకు మీ జవాబు పుస్తకంలోని జవాబుతో ఎందుకు కలవలేదని అడిగారు. లెక్క తప్పలేదు, సగంలో ఆగింది. కార్బన్ 40, హైడ్రోజన్ 6.7, ఆక్సిజన్ 53.3 శాతాల నుంచి మీకు వచ్చిన సిహెచ్₂ఓ అనుభావిక ఫార్ములా, అంటే పరమాణువుల కనిష్ఠ నిష్పత్తిని మాత్రమే చెప్పేది. పుస్తకంలోని సి₆హెచ్₁₂ఓ₆ అణుఫార్ములా, అంటే ఒక అణువులో నిజంగా ఎన్ని పరమాణువులున్నాయో చెప్పేది.

1. శాతాలను పరమాణు భారాలతో (కార్బన్ 12, హైడ్రోజన్ 1, ఆక్సిజన్ 16) భాగిస్తే 3.33, 6.7, 3.33. అంటే 1:2:1. ఇంతవరకు సరే.

2. చాలామంది వదిలేసేది ఇక్కడే. శాతాలు నిష్పత్తిని మాత్రమే చెబుతాయి, అణువులో ఎన్ని పరమాణువులున్నాయో చెప్పవు. వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లానికీ సరిగ్గా ఇవే శాతాలు వస్తాయి, అదేమో పులుపు! ప్రశ్నలో అణుభారం 180 అని ఇచ్చింది ఇందుకే.

3. సిహెచ్₂ఓ భారం 12+2+16=30. 180÷30=6. ఫార్ములాలోని ప్రతి సంఖ్యనూ, రాయని 1తో సహా, 6తో గుణించండి.