పాతకాలం డైవర్ వాచీని విడిభాగాలతో ఇంట్లోనే తయారు చేసుకోవచ్చా? విశాఖ నుంచి నా అనుభవం

మీరు అడిగింది ఇదీ: "1950ల నాటి రోలెక్స్ సబ్‌మెరైనర్ లాంటి డైవర్ వాచీ, అంటే నీళ్ళలో దిగేవాళ్ళ కోసం చేసిన రకం కావాలి. అసలుది కొనే స్తోమత లేదు. మిషను, కేసు, డయల్, ముళ్ళు విడివిడిగా తెప్పించుకుని ఇంట్లోనే బిగించుకోవచ్చా? ఉండేది విశాఖలో. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంతవుతుంది?"

బిగించుకోవచ్చు. నేను బిగించుకున్నాను, రోజూ ఆఫీసుకి అదే పెట్టుకుని వెళ్తున్నాను. నాది అకౌంట్స్ ఉద్యోగం, వాచీ రిపేరు పని ఎక్కడా నేర్చుకోలేదు. మిషను లోపలి పళ్ళచక్రాలు విప్పే అవసరం ఇందులో రాదు, అది నడిచే స్థితిలోనే మన చేతికి వస్తుంది. దానికి డయల్ తొడగడం, ముళ్ళు పెట్టడం, కీ పుల్లని (పక్కనున్న కీని మిషన్‌కి కలిపే సన్నటి ఊచ) సరైన పొడవుకి కోయడం, కేసులో కూర్చోబెట్టి మూత బిగించడం మన వంతు. మంచి వెలుతురు, సన్నటి ట్వీజర్, ఓపిక ఉంటే చాలు.

పనిముట్ల కంటే ముందు ఒక విషయం తేల్చుకోండి. రోలెక్స్ అని పేరు రాసి, కిరీటం గుర్తు వేసిన డయల్స్ ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. వాటి జోలికి పోవద్దు. 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం ప్రకారం దొంగ గుర్తు వేసిన సరుకు అమ్మితే మూడేళ్ళ వరకు జైలుశిక్ష పడొచ్చు. బయటి దేశం నుంచి వచ్చే పార్శిల్‌ని కస్టమ్స్ వాళ్ళు ఆపేయొచ్చు. చట్టం మాట అటుంచండి. రాత్రిళ్ళు కూర్చుని మీ చేత్తో బిగించిన వాచీ మీద ఇంకొకరి పేరు ఎందుకు? బావమరిది చూసి "ఎంతకి కొన్నావు బావా?" అని అడిగితే "నేనే చేశాను" అని చెప్పగలగాలి. పేరు లేని డయల్‌ని అమ్మేవాళ్ళు స్టెరైల్ డయల్ అంటారు, ఆ మాటతో వెతకండి.

పాతకాలం రూపం కొలతల వల్ల వస్తుంది. పేరు లేకపోయినా కొలతలు సరిపోతే దూరం నుంచి చూసినవాడికి కూడా అది ఏ కాలం నాటి తీరో తెలిసిపోతుంది. సబ్‌మెరైనర్, స్విస్ కంపెనీ బ్లాంక్‌పాన్ వాళ్ళ డైవర్ వాచీ ఫిఫ్టీ ఫాథమ్స్ రెండూ 1953 ప్రాంతంలో పుట్టినవే. ఫిఫ్టీ ఫాథమ్స్ అప్పటికే 42 మిల్లీమీటర్ల దాకా ఉండేది గానీ, తొలి సబ్‌మెరైనర్లు 37, 38 దగ్గరే ఆగాయి. వాటికి కీకి రెండు పక్కలా కాపుగా ఉండే ఉబ్బులు కూడా లేవు, అవి 1959లో వచ్చాయి. కాబట్టి 41 మిల్లీమీటర్ల కేసు, పక్కన ఉబ్బులు ఉన్నది తీసుకుని అందులో పాతరకం డయల్ పెడితే ఎక్కడో తేడా కొడుతుంది. మీకు కావలసింది 38 దగ్గర్లో, ఉబ్బులు లేకుండా, కీ కాస్త పెద్దగా ఉన్న కేసు.

డయల్ విషయానికొస్తే, ఆ కాలం నల్ల డయల్స్ మీద గీతలు, అక్షరాలు బంగారు రంగులో ఉండేవి. తెల్ల అక్షరాలు 60ల మధ్యకి గానీ మామూలు కాలేదు. బంగారు గీతలున్న నిగనిగలాడే నల్ల డయల్ ఒక్కటి దొరికితే సగం పని అయిపోయినట్టే. మనిషి ఒక్క చూపులో చదవగలిగేలా డయల్ ఎలా వేస్తారో చూడాలనుంటే, మన బీచ్ రోడ్డులో 2002 నుంచి మ్యూజియంగా ఉన్న కురుసుర సబ్‌మెరైన్ లోపలికి వెళ్ళి, గోడల నిండా ఉన్న గేజీలు తీరిగ్గా చూడండి. అంకెలకీ ముల్లుకీ మధ్య ఎంత ఖాళీ వదిలారో గమనించాక, కొనబోయే డయల్‌ని మీ కళ్ళు వేరేగా చూస్తాయి.

ఇక గ్లాసు. చాలామంది సఫైర్ గ్లాసు కావాలంటారు, తేలిగ్గా గీత పడదు గనక. పాతకాలం తీరు కావాలంటే నా ఓటు అక్రిలిక్‌కే, అంటే ప్లాస్టిక్ గ్లాసుకే. ఎత్తుగా ఉబ్బిన అక్రిలిక్ గ్లాసు అంచు దగ్గర డయల్ వంగినట్టు కనిపిస్తుంది, పక్క నుంచి చూస్తే నిమిషాల గీతలు విరిగి మళ్ళీ అతుక్కున్నట్టు ఉంటాయి. ఆ అందం సఫైర్‌లో అంతగా రాదు. గీతలు పడతాయి నిజమే, కానీ టూత్‌పేస్టు గుడ్డమీద వేసి రుద్దితే పోతాయి.

పాత వాచీల ముళ్ళు, డయల్స్ విడిగా కొని వాడదామని మాత్రం అనుకోవద్దు. 60ల ముందు చీకట్లో మెరవడానికి రేడియం పూసేవారు. ఇప్పుడా పూత మెరవదు, కానీ రేడియం సగానికి తగ్గడానికే దాదాపు 1600 ఏళ్ళు పడుతుంది. అంటే మెరుపు చచ్చిపోయినా రేడియేషన్ అలాగే ఉంటుంది. ఎండిపోయిన ఆ పూతని గీకితే పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పిల్లలున్న ఇంట్లో అసలు వద్దు. పాత రేడియం రంగులో, అంటే లేత గోధుమ రంగులో, రేడియేషన్ లేని కొత్త పూతతో ముళ్ళు దొరుకుతాయి. అవే తీసుకోండి.

మిషన్‌కి సీకో వాళ్ళ ఎన్‌హెచ్ 38 చెప్తాను. దీనికి తమ్ముడు లాంటి ఎన్‌హెచ్ 35 ఎక్కువ దొరుకుతుంది గానీ, అందులో తేదీ ఉంటుంది. తేదీ కిటికీ లేని డయల్ వెనక దాన్ని పెడితే, కీ లాగినప్పుడు తేదీ మార్చే మెట్టు ఒకటి ఉత్తినే తగులుతుంది. రెండూ కీ తిప్పినా, చేతి కదలికకైనా స్ప్రింగు ఎక్కించుకుంటాయి, నిండుగా ఎక్కితే సుమారు 41 గంటలు నడుస్తాయి. గంటకి 21,600 సార్లు కొట్టుకుంటాయి, అంటే సెకనుకి ఆరు అడుగులు. 50ల నాటి చాలా మిషన్లు 18,000 దగ్గర, సెకనుకి ఐదు అడుగులు వేసేవి. ఆ నడకకి ఇది దగ్గర. స్విస్ కంపెనీ ఈటీఏ వాళ్ళ 2824 మిషన్ సెకనుకి ఎనిమిది వేస్తుంది, ముల్లు జారుతున్నట్టు ఉంటుంది. ఖరీదు కూడా ఎక్కువ.

మిషన్ ఏదో ఖాయం చేశాకే మిగతావి ఆర్డర్ పెట్టండి, ఎందుకంటే అన్నీ దాని కొలతల మీదే ఆధారపడతాయి. ఎన్‌హెచ్ మిషన్లకి గంటల ముల్లు రంధ్రం 1.50, నిమిషాల ముల్లుది 0.90, సెకన్ల ముల్లుది 0.20 మిల్లీమీటర్లు. ఈటీఏకి మొదటి రెండూ అవే, సెకన్ల ముల్లుది 0.25. ఆ 0.05 తేడా కంటికి కనిపించదు, ముల్లు మాత్రం నిలవదు. అలాగే డయల్ వెనక రెండు సన్నటి కాళ్ళుంటాయి, అవి మిషన్‌లోని రంధ్రాల్లో దిగాలి. ఎన్‌హెచ్ డయల్స్‌లోనే కీ 3 దగ్గర ఉండే కేసులకి ఒక రకం, 4 దగ్గర ఉండే కేసులకి ఒక రకం అమ్ముతారు. మీకు 3 దగ్గరది కావాలి. అమ్మేవాళ్ళకి ఈ మాట రాసి, వాళ్ళు సరేనన్నాకే డబ్బు కట్టండి.

మన ఊళ్ళో ఈ పనికి అసలు శత్రువు తేమ. బయటి ఊళ్ళవాళ్ళు రాసిన సలహాల్లో దీని గురించి పెద్దగా ఉండదు, అందుకే కాస్త వివరంగా చెప్తాను. వర్షాకాలంలో 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న గాలి 26 డిగ్రీలకి చల్లబడితే చాలు, నీరు కడుతుంది. ఆ గాలితోనే కేసు మూత బిగించారనుకోండి. ఆఫీసులో ఏసీ 22 మీద ఉన్నప్పుడు వాచీ తీసి టేబుల్ మీద పెడితే గ్లాసు లోపలి వైపు ఆవిరి పడుతుంది. బయటి నుంచి నీళ్ళు దూరలేదు, మనమే లోపల పెట్టి మూసేశాం. అదే 24 డిగ్రీల్లో 50 శాతం తేమ ఉన్న ఏసీ గదిలో మూత పెడితే, లోపలి గాలి 13 డిగ్రీలకి దిగితే గానీ నీరు కట్టదు. మన వాడకంలో వాచీ అంత చల్లబడదు. అందుకని మిషన్ బిగించిన కేసుని మూత తీసే ఉంచి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని డబ్బాలో ఒక రాత్రి ఉంచుతాను. పొద్దున్న ఏసీ గదిలో, రబ్బరు వాషర్‌కి సిలికాన్ గ్రీజు పూసి మూత బిగిస్తాను. డిసెంబరు, జనవరిల్లో అయితే పని ఇంకా తేలిక.

ఫ్యాన్ ఆపేయాలి, కిటికీలు మూసేయాలి. వన్ టౌన్ వైపు ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, గంటసేపు కిటికీ తీస్తే దుమ్ము పడి బల్ల మీద వేలితో గీత గీయొచ్చు. నల్ల డయల్ మీద ఒక్క నలుసు పడినా, గ్లాసు బిగించాక అదే కనిపిస్తూ ఉంటుంది. వేళ్ళకి రబ్బరు తొడుగులు వేసుకోండి, చెమటలోని ఉప్పు డయల్ మీద మచ్చ చేస్తుంది.

టెన్షన్ అంతా ముళ్ళు పెట్టే దగ్గరే. పూర్ణా మార్కెట్ దగ్గర చిన్న కొట్టులో వాచీలు బాగుచేసే పెద్దాయన ఒకరున్నారు, నేను బాబాయ్ అంటాను. ఆయన పక్కన స్టూలు వేసుకుని కూర్చుని ఈ పని చూశాను. గంటల ముల్లుని 12 మీద వదులుగా పెట్టి, చదునైన ప్లాస్టిక్ మొన ఉన్న పుల్లతో నిలువుగా నొక్కుతారు. తర్వాత నిమిషాల ముల్లు, అదీ 12 మీదే. కీ తిప్పి 3, 6, 9 దగ్గర రెండు ముళ్ళూ ఎలా కలుస్తున్నాయో చూస్తారు. కంటికి లూప్ (వాచీ మెకానిక్‌లు వాడే చిన్న భూతద్దం) పెట్టుకుని, మిషన్‌ని కళ్ళ ఎత్తుకి తెచ్చి, పక్క నుంచి చూడాలి. ముల్లుకీ ముల్లుకీ మధ్య వెలుతురు గీత సమానంగా కనిపించాలి, ఎక్కడ సన్నబడితే అక్కడ రాసుకుంటాయి. చివరిది సెకన్ల ముల్లు. వెంట్రుక మందాన ఉన్న ఇరుసు మీద దాని రంధ్రాన్ని దించాలి. నా చెయ్యి చూసి ఆయన, "ఏటి బాబూ ఆ కంగారు? ఊపిరి పూర్తిగా వదిలీ, అప్పుడు దించు" అన్నారు. ఊపిరి వదిలాక చెయ్యి నిజంగానే నిలుస్తుంది. అక్కర్లేని పాత మిషన్ ఒకటి ఆయనలాంటివాళ్ళ దగ్గర అడిగి తీసుకుని, దాని మీద ముళ్ళు పెట్టి తీసి అలవాటు చేసుకుంటే, కొత్త ముళ్ళ మీద గీతలు పడవు.

కీ పుల్ల కోసేటప్పుడు ఒకేసారి కోయకండి. కేసులో పెట్టి చూసి, ఎంత మిగిలిందో కొలిచి, కొంచెం తక్కువ కోసి, మిగతాది ఆకురాయితో అరగదీయండి. పుల్ల బయటికి తీయడానికి మిషన్‌లో ఒక చిన్న మీట మీద గుంట ఉంటుంది, దాన్ని ట్వీజర్ మొనతో మెల్లిగా నొక్కాలి. గట్టిగా నొక్కితే లోపలి మీటలు చోటు తప్పుతాయి, అప్పుడు డయల్, ముళ్ళు మళ్ళీ తీయాలి. అదనంగా ఒక పుల్ల ముందే తెప్పించి ఉంచుకోండి.

ఇవన్నీ బయటి నుంచి తెప్పించడం ఇష్టం లేకపోతే ఇంకో దారి ఉంది, నాకు మనసుకి దగ్గరైనది. బెంగళూరులో హెచ్‌ఎంటీ వాళ్ళు జపాన్ సిటిజన్ సహకారంతో 1961లో వాచీలు మొదలుపెట్టారు. జనతా, పైలట్ లాంటి మోడళ్ళలో ఉన్న, 17 జ్యువెల్స్ (ఇరుసులు అరగకుండా పెట్టే రాళ్ళు) ఉన్న, కీ ఇచ్చి నడిపే మిషన్ సెకనుకి ఐదు అడుగులే వేస్తుంది. అంటే మీరు వెతుకుతున్న పాతకాలం నడక అదే. డైవర్ కాదు గానీ, 35 మిల్లీమీటర్ల దగ్గర్లో పలచటి వాచీ అవుతుంది. విడిభాగాలు పాత మెకానిక్‌ల దగ్గర ఇంకా దొరుకుతాయి. ఒకటే మాట: ఆడుతున్న, అసలు డయల్ ఉన్న హెచ్‌ఎంటీని మిషన్ కోసం విప్పకండి. ఆ వాచీ ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, ఉన్నవాటిని అలా ఉండనివ్వాలి. డయల్ పాడైపోయినవి, కేసు తుప్పు పట్టినవి బోలెడు దొరుకుతాయి, వాటికి ప్రాణం పోయండి. ఆన్‌లైన్‌లో మెరిసిపోయే హెచ్‌ఎంటీల డయల్స్ చాలావాటికి కొత్తగా రంగు వేసి ఉంటారన్నది కూడా గుర్తుంచుకోండి.

నా తర్వాతి వాచీకి ఆ మిషనే అనుకుంటున్నాను, ౧౨, ౩, ౬, ౯ అని తెలుగు అంకెలతో. నీళ్ళలో నానబెట్టి అతికించే డెకాల్ కాగితం మీద లేజర్ ప్రింట్ తీసుకుంటే అంకెలు ఇంట్లోనే వేసుకోవచ్చు. మామూలు లేజర్ ప్రింటర్ తెలుపు వేయలేదు కాబట్టి డయల్ లేత రంగుది ఉండాలి, అంకెలు నల్లగా.

మళ్ళీ మీ డైవర్ దగ్గరికి వస్తే, కేసు మీద 200 మీటర్ల లోతు దాకా అని ఉన్నా నమ్మి రుషికొండలో దిగొద్దు. పెద్ద బ్రాండ్ల సర్వీసు సెంటర్లలో నీళ్ళు దూరతాయో లేదో చూసే ప్రెషర్ టెస్టర్ ఉంటుంది, అడిగి చూడండి. లోపల తేమ ఉందో లేదో ఇంట్లో చూసుకోవడానికి, వాచీని చెయ్యి పట్టేంత గోరువెచ్చగా చేసి గ్లాసు మీద ఒక చల్లటి నీటి చుక్క వేయండి. నిమిషం తర్వాత తుడిచి చూస్తే కింద ఆవిరి మచ్చ ఉండకూడదు. ఇది లోపలి తేమ సంగతే చెప్తుంది, ఈతకి పనికొస్తుందో లేదో చెప్పదు. బీచ్‌లో నడిచొచ్చాక తడిగుడ్డతో తుడవండి, ఉప్పు చేరితే బెజెల్ (గ్లాసు చుట్టూ తిరిగే రింగు) బిగుసుకుపోతుంది.

ఖర్చు: నాకు మిషను, కేసు, డయల్, ముళ్ళు, బెల్టు, కస్టమ్స్ డ్యూటీ అన్నీ కలిపి 15 వేల లోపు అయింది, పనిముట్లు విడిగా. చైనా ఆన్‌లైన్ అంగడి అలీఎక్స్‌ప్రెస్‌ని మన దేశంలో 2020 నవంబరులో నిషేధించారు, కాబట్టి ఇక్కడే స్టాకు పెట్టి అమ్మేవాళ్ళని వెతకండి. కోల్‌కతా వెళ్ళే పని పడితే రాధాబజార్‌లో ఒక పూట తిరగండి, వీధంతా వాచీ కొట్లే. ముందు మిషను, లూప్, ట్వీజర్ తెప్పించుకోండి. మిషన్ చేతికొచ్చాక డయల్ కొనేముందు ఆ డయల్ ఫొటో, కాళ్ళ వైపు నుంచి తీసింది, ఇక్కడ పెట్టండి. సరిపోతుందో లేదో చూసి చెప్తాను.