కౌన్సెలింగ్ అప్పుడే మానిపించొద్దు అన్నా

గ్రూప్స్ పోయినప్పటి నుంచి మీ తమ్ముడు గది దాటట్లేదని, హన్మకొండలో మూడు సిట్టింగులైనా "ఊరికే మాట్లాడిస్తున్నరు, సీబీటీ (ఆలోచనలు, అలవాట్లు మార్చే థెరపీ) చెయ్యట్లేదు" అని మాన్పిద్దామనుకుంటున్నారని రాశారు కదా, తొందరపడకండి. 1977లో స్మిత్, గ్లాస్ అనే పరిశోధకులు 375 అధ్యయనాలు కలిపి చూస్తే, థెరపీ తీసుకున్న సగటు మనిషి తీసుకోనివాళ్లలో 75 శాతం మందికన్నా మెరుగ్గా ఉన్నట్టు తేలింది, పద్ధతుల మధ్య తేడా మాత్రం పెద్దగా కనపడలేదు. ఓసీడీ (వద్దన్నా అవే ఆలోచనలు, అవే పనులు మళ్లీ మళ్లీ వచ్చే జబ్బు) అయితే వేరే సంగతి, దానికి ఈఆర్‌పీ, అంటే భయాన్ని మెల్లగా ఎదుర్కొనేలా చేసి ఆ పనులు ఆపించే పద్ధతి, తెలిసినవాళ్లనే వెతకాలి. డిప్రెషన్‌కు మాత్రం ఆ కౌన్సెలర్ దగ్గర తమ్ముడు మనసు విప్పుతున్నాడా లేదా, ముందు అది అడగండి.

గోవాలో సైకాలజీ డిగ్రీ లేని మామూలు కౌన్సెలర్లు ఆరు నుంచి ఎనిమిది సిట్టింగుల్లో, మానేసిన చిన్న చిన్న పనులు మళ్లీ మొదలుపెట్టించే పద్ధతితోనే చాలామందికి డిప్రెషన్ తగ్గించారు. మీరూ పొద్దున్నే భద్రకాళి బండ్ మీద పావుగంట నడిపించండి, చదువు మాట ఎత్తకుండా.

పీహెచ్‌క్యూ-9 అని డిప్రెషన్ ఎంతుందో కొలిచే తొమ్మిది ప్రశ్నల ఫారం ఉంటుంది, మొత్తం 27 మార్కులు, ఎక్కువొస్తే డిప్రెషన్ ఎక్కువున్నట్టు, రెండు వారాలకోసారి నింపించమని కౌన్సెలర్‌నే అడగండి. ఇంకో మూడు నాలుగు సిట్టింగులకూ స్కోరు దిగకపోతే అప్పుడు మార్చండి. చచ్చిపోవాలనే మాట గనక వస్తే ఇవేవీ చూడొద్దు, వెంటనే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి తీసుకెళ్లండి, రాత్రయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.