స్టాటిస్టికల్ మోడలింగ్‌కి ఆర్ మేలా, శాస్ మేలా?

ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చేసి బెంగళూరులో ఉద్యోగం వెతుకుతున్నానని, మోడలింగ్‌లో (అంటే డేటాకి గణిత సూత్రం అమర్చడంలో) ఆర్, శాస్, స్టాటా, ఎస్పీఎస్ఎస్ అనే సాఫ్ట్‌వేర్లలో దేనికి సత్తా ఎక్కువని అడిగారు. మామూలు రిగ్రెషన్ (ఒక అంకెను మిగతావాటి నుంచి అంచనా వేయడం), లాజిస్టిక్ (అవునా కాదా అనే ఫలితాన్ని అంచనా వేయడం) వరకైతే నాలుగూ ఒకటే. మనం ఏమీ చెప్పనప్పుడు అవి సొంతంగా ఏం ఎంచుకుంటాయో, అక్కడే వస్తుంది చిక్కు.

ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకే డేటాకి లాజిస్టిక్ మోడల్‌ని ఆర్‌లోనూ శాస్‌లోనూ నడిపాను. వయసు గుణకం (ఫలితం మీద వయసు ప్రభావం చెప్పే అంకె) ఒకదాంట్లో ప్లస్, ఇంకోదాంట్లో అదే అంకె మైనస్! మందు గుణకానికేమో గుర్తు మారలేదు గానీ సరిగ్గా సగమైంది. మారతహళ్లి పీజీలో రాత్రంతా డేటా తిరగేశాను, ఒకటే టెన్షన్. పొద్దున్నే మా టీమ్‌లోని నెల్లూరు అక్క చూసి, "అసలు లాగ్ చదివావా?" అంది. లాగ్ అంటే ప్రోగ్రామ్ నడిచాక శాస్ రాసిచ్చే నోట్స్. నేను చదవలేదు. ఫలితం 0, 1గా ఉంటే శాస్‌లో ఈ మోడల్ నడిపే ప్రాక్ లాజిస్టిక్ అనే కమాండ్ తనంతట తాను 0 వచ్చే సంభావ్యతనే మోడల్ చేస్తుంది. ఆ సంగతి లాగ్‌లో రాసి మరీ చెబుతుంది. పైగా మందు లాంటి వాటి వర్గాలకు ఎఫెక్ట్ కోడింగ్ వాడుతుంది, అంటే ఒక్కో వర్గాన్ని అన్నిటి సగటుతో పోలుస్తుంది. ఆర్ అయితే మొదటి వర్గాన్ని రిఫరెన్స్‌గా పెట్టుకుని మిగతావాటిని దానితో పోలుస్తుంది. ఉన్నవి రెండే వర్గాలు కాబట్టి సగటు సరిగ్గా మధ్యలో ఉంటుంది, అందుకే గుణకం సగమైంది. (0ని మోడల్ చేయడంతో ఒకసారి, శాస్ చివరి వర్గాన్ని రిఫరెన్స్‌గా తీసుకోవడంతో ఇంకోసారి, ఇలా గుర్తు రెండుసార్లు తిరగబడి మళ్లీ మొదటికే వచ్చింది, అందుకే నాకు అంతుపట్టలేదు.) ఈవెంట్='1', పరామ్=రెఫ్, రెఫ్=ఫస్ట్ అని శాస్‌లో ఆప్షన్లు పెట్టగానే రెండూ కలిశాయి.

నిజంగా సత్తా తేలేది మిక్స్‌డ్ మోడల్స్‌లో. ఒకే పేషెంటును పదేపదే కొలిచిన డేటా అయితే శాస్ ప్రాక్ మిక్స్‌డ్‌లో కోవేరియన్స్ రూపాలు (ఆ కొలతలు ఒకదానితో ఒకటి ఎలా ముడిపడి ఉంటాయో చెప్పేవి) బోలెడు, చిన్న శాంపిళ్లకు వాడే కెన్‌వర్డ్-రోజర్ సవరణకి ఒక్క ఆప్షన్ చాలు. ఆర్‌లో ఎల్‌ఎమ్‌ఈ4 ప్యాకేజీ వేగంగా ఉంటుంది కానీ పీ-విలువ (ప్రభావమే లేకపోయినా ఇలాంటి ఫలితం వచ్చే సంభావ్యత) ఇవ్వదు, రాసినవాళ్లు కావాలనే వదిలేశారు. రెసిడ్యువల్స్‌కి (మోడల్‌కి అందని మిగులు తేడాలకి) ఏఆర్1 (దగ్గరి కొలతల మధ్య ముడి ఎక్కువగా ఉండే రూపం) లాంటిది కావాలంటే ఎన్‌ఎల్‌ఎమ్‌ఈ అనే ఇంకో ప్యాకేజీకి వెళ్లాలి, మందుల ట్రయల్ డేటాకైతే ఎమ్‌ఎమ్‌ఆర్‌ఎమ్ ప్యాకేజీ ఉంది. మనం చెప్పకపోతే స్టాటా ఎమ్‌ఎల్ (మ్యాక్సిమమ్ లైక్లీహుడ్) పద్ధతితో లెక్కిస్తుంది, ఆర్, శాస్ రెండూ దాన్నే కాస్త సవరించిన ఆర్‌ఈఎమ్‌ఎల్‌తో. శాంపిల్ చిన్నదైతే ఆ తేడా కంటికి కనబడుతుంది. ఎస్పీఎస్ఎస్ మెనూలతో పని జరిగిపోతుంది, థీసిస్ రాసే డాక్టర్లకు హాయి.

పైథాన్ గురించి మీరు అడగలేదు గానీ, అందులోని సైకిట్-లెర్న్ లైబ్రరీ లాజిస్టిక్ అడక్కుండానే గుణకాలను కుదించే పెనాల్టీ వేస్తుంది, జాగ్రత్త.

క్లినికల్ ట్రయల్స్ కంపెనీల వైపు చూస్తుంటే ముందు శాస్ పట్టండి, నేర్చుకునేవాళ్లకు దాని ఆన్‌లైన్ రూపం ఆన్‌డిమాండ్ ఫర్ అకడమిక్స్ ఉచితమే. ఇంకేదైనా అయితే నా ఓటు ఆర్‌కే.