హెచ్-1బిలో ఉండి అడవి నడకకు రివాల్వర్ కొనుక్కోవచ్చా?

ప్రశ్న (క్లుప్తంగా): నార్త్ కరోలినాలోని కేరీలో ఉంటున్నాను. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నాను, గ్రీన్ కార్డుకోసం కంపెనీ వేసిన ఐ-140 దరఖాస్తు ఆమోదమై ఆరేళ్లయింది. గుండెపోటుతో నాన్నగారు పోయాక డాక్టరు నన్ను నడవమన్నారు. అప్పటి నుంచి వారాంతాల్లో అడవి బాటలే నాకు మందు. మే నెలలో స్మోకీ పర్వతాల్లో, డీప్ క్రీక్ బాటలో పిల్లలతో ఉన్న ఎలుగుబంటి ఎదురైంది. ఆ రోజు నుంచి మా ఆవిడకు నిద్ర లేదు, ఒంటరిగా వెళ్లొద్దని ఏడుస్తోంది. జేబులో పట్టే తేలికపాటి రివాల్వర్ తీసుకుందామని ఉంది. రూగర్ ఎల్‌సీఆర్, స్మిత్ అండ్ వెస్సన్ 642 రెండూ 400 గ్రాములకు అటూ ఇటూ. స్నేహితులతో షూటింగ్ రేంజికి వెళ్లి రెండుసార్లు కాల్చి చూశాను, ఎల్‌సీఆర్ చేతికి బాగా అమరింది. మిగిలిన నాలుగైదు తూటాలు నడకకు తీసుకెళ్లే సంచిలోనే ఉన్నాయి, రేపు పనికొస్తాయని ఉంచాను. సిటిజెన్ అయిన స్నేహితుడు తన పేరు మీద కొని కానుకగా ఇస్తానంటున్నాడు. రాష్ట్ర వైల్డ్‌లైఫ్ శాఖ వాళ్లిచ్చిన చేపల లైసెన్సు కూడా నాకుంది. డిసెంబరులో ఇండియా వెళ్లేలోపు తేల్చుకోవాలి. రెండింటిలో ఏది తీసుకోమంటారు?

జవాబు: రెండూ వద్దు. మీ కేసును తేల్చేది రివాల్వర్ కాదు, మీరు మాట వరసకు రాసేసిన ఆ నాలుగైదు తూటాలు.

అమెరికా ఫెడరల్ చట్టం 18వ టైటిల్, సెక్షన్ 922(జి)(5)(బి) చదవండి. నాన్‌ఇమ్మిగ్రెంట్ వీసా (తాత్కాలికంగా ఉండటానికి ఇచ్చే వీసా) మీద వచ్చినవాళ్ల దగ్గర తుపాకీ గానీ, తూటా గానీ ఉండకూడదు. ఈ ‘తూటా గానీ’ అన్న మాటను మనవాళ్లు చాలామంది చూడరు. తుపాకీ కొనలేదు కాబట్టి తప్పు జరగలేదనుకుంటారు. హెచ్-1బి నాన్‌ఇమ్మిగ్రెంట్ వీసానే. ఐ-140 ఆమోదమై ఆరేళ్లయినా, పదహారేళ్లయినా గ్రీన్ కార్డు చేతికొచ్చేదాకా ఆ స్థితి మారదు. శిక్ష 2022 దాకా గరిష్ఠంగా పదేళ్లు ఉండేది, ఆ ఏడాది సవరణతో పదిహేనేళ్లయింది. అంతకంటే భయపడాల్సింది ఇంకొకటి ఉంది. ఇమ్మిగ్రేషన్ చట్టం ఈ నేరాన్ని ‘అగ్రవేటెడ్ ఫెలొనీ’ల, అంటే దేశం నుంచి పంపేసేంత తీవ్రమైన నేరాల, జాబితాలో పెట్టింది. శిక్షపడితే మీ ఆరేళ్ల ఎదురుచూపు అక్కడితో ఆగిపోతుంది, దేశం వదిలి వెళ్లాల్సి వస్తుంది.

మినహాయింపు ఒకటి ఉంది. అమెరికాలో ఏ రాష్ట్రమైనా చట్టప్రకారం ఇచ్చిన వేట లైసెన్సు, గడువు తీరనిది, దగ్గరుంటే ఈ నిషేధం వర్తించదు. మీ దగ్గరున్నది చేపలు పట్టే లైసెన్సు. ఇచ్చిన శాఖ ఒకటే అయినా గాలానికి ఇచ్చిన కాగితం తుపాకీకి పనికిరాదు. రేపే వేట లైసెన్సు తీసుకున్నా, రేంజికి వెళ్లిన ఆ రెండు రోజులకు అది వెనక్కి వర్తించదు.

ఇక రేంజి సంగతి. అద్దె తుపాకీ కదా, పది నిమిషాలు కాల్చి ఇచ్చేశాను కదా అని మీకు అనిపించవచ్చు. 2019లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లిన రెహైఫ్ కేసు చూడండి. విద్యార్థి వీసా మీద వచ్చి, కాలేజీ తీసేశాక ఇక్కడే ఉండిపోయిన వ్యక్తి. షూటింగ్ రేంజిలో రెండు తుపాకులు కాల్చాడు. కేసు పుట్టింది అక్కడే. తన స్థితి ఏమిటో నిందితుడికి తెలుసని ప్రభుత్వం రుజువు చేయాలని కోర్టు తేల్చింది. అది నిందితులకు అనుకూలమైన తీర్పే, కానీ మీకు అక్కరకు రాదు. మీ స్థితి మీకు తెలుసనడానికి మీ ఉత్తరంలో రెండో వాక్యమే సాక్ష్యం. ‘చట్టం ఇలా ఉందని తెలియదు’ అన్న వాదనను కోర్టులు సాధారణంగా ఒప్పుకోవు.

చదువుకున్నవారు, ప్రతి మూడేళ్లకూ వీసా కాగితాలు అక్షరం అక్షరం సరిచూసుకునేవారు. రేంజి కౌంటర్లో సంతకం పెట్టిన కాగితాన్ని మాత్రం చదవలేదు. అలాంటి కొన్ని కాగితాల్లో పౌరసత్వం గురించిన ప్రశ్న ఉంటుంది. అది ఉండి ఉంటే మీరు దానికి ఏం టిక్ పెట్టారో మీకే గుర్తుండదు, కాగితం మాత్రం వాళ్ల దగ్గర ఉంటుంది. స్నేహితులతో వెళ్లారంటే ఫొటోలు కూడా ఉండే ఉంటాయి. ఇప్పుడు కంగారుపడి వాటిని చెరిపేయకండి. దర్యాప్తుకు అడ్డుపడాలని సాక్ష్యం మాయం చేయడం వేరే ఫెడరల్ నేరం, దానికి ఇరవై ఏళ్ల దాకా శిక్ష ఉంది. కొత్తగా ఏదీ పెట్టకండి, వాట్సాప్ గ్రూపులో ఈ సంగతి ఎత్తకండి.

కాలపరిమితి గురించి కూడా చెప్పాలి. ఇలాంటి ఫెడరల్ నేరాలకు మామూలుగా అయిదేళ్లలోపు అభియోగం మోపాలి. రేంజి రోజులకు ఆ లెక్క మొదలైంది. తూటాలకు మొదలే కాలేదు. దగ్గర ఉంచుకోవడం కొనసాగే నేరం, అవి మీ దగ్గర ఉన్న చివరి రోజు నుంచే గడియారం తిరుగుతుంది. గ్రీన్ కార్డు కోసం రేపు నింపే ఐ-485లో, అరెస్టు కాకపోయినా ఎప్పుడైనా నేరం చేశారా అన్న ప్రశ్న ఉంటుంది. ఆ ‘ఎప్పుడైనా’కు కాలపరిమితి లేదు. అందుకే ఆ ఫారం ముట్టుకోకముందే క్రిమినల్ లాయరు, ఇమ్మిగ్రేషన్ లాయరు ఇద్దరూ కలిసి మీ జవాబు తేల్చాలి.

స్నేహితుడి కానుక మాట మళ్లీ ఎత్తకండి. తుపాకీ దుకాణం కౌంటర్లో కొనేవాళ్లు నింపే ఫెడరల్ ఫారం 4473లో మొదటి ప్రశ్నల్లోనే ‘ఇది మీకోసమే కొంటున్నారా’ అని ఉంటుంది. 2014లో సుప్రీంకోర్టు తేల్చిన అబ్రామ్‌స్కీ కేసులో మాజీ పోలీసు ఒకాయన తన మామయ్యకోసం గ్లాక్ పిస్టల్ కొని, తనకోసమేనని రాశాడు. మామయ్య తుపాకీ ఉంచుకోవడానికి అన్నివిధాలా అర్హుడు. అయినా శిక్ష నిలబడింది. మీరు అర్హులే కారు. డబ్బు మీది, తుపాకీ మీకోసం, పేరు అతనిది అయితే 2022లో ప్రత్యేకంగా తెచ్చిన బినామీ కొనుగోలు సెక్షన్ అతని మీద పడుతుంది, పదిహేనేళ్ల దాకా. నిజంగా తన డబ్బుతో కొని కానుకిచ్చినా, నిషేధం ఉన్న మనిషికి తెలిసి తుపాకీ అందించడం నేరమే. మీమీద ప్రేమతో చేయబోయి అతను ఖైదీ అవుతాడు.

చట్టబద్ధమైన దారి ఉంది, చెబుతాను. ముందు తూటాల వ్యవహారం ముగియాలి. తర్వాత హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తిచేసి నార్త్ కరోలినా వేట లైసెన్సు తీసుకోండి. దాని నకలుతో, మీ పేరున కేరీ చిరునామా చూపే గుర్తింపుతో, మీరే దుకాణానికి వెళ్లి, ఫారంలో నాన్‌ఇమ్మిగ్రెంట్‌నని నిజం రాసి, మినహాయింపు కాగితం జతచేసి కొనవచ్చు. కొందరు దుకాణదారులు వద్దంటారు, అది వాళ్లిష్టం. లైసెన్సు గడువు ఏ అర్ధరాత్రి తీరుతుందో ఆ క్షణం నుంచి ఇంట్లో ఉన్న తుపాకీ నేరమవుతుంది, కాబట్టి నెలముందే పునరుద్ధరించుకోవాలి. మీ ఆవిడ హెచ్-4లో (హెచ్-1బి వాళ్ల భార్యాభర్తలకు ఇచ్చే వీసాలో) ఉంటే ఆమెకూ ఇదే నిషేధం. తుపాకీ పెట్టె తాళంచెవి ఆమెకు అందుబాటులో ఉంటే ఆమె దగ్గర ఉన్నట్టే లెక్కించే ప్రమాదముంది. ఇంట్లో పిల్లలుంటే భద్రపరచడం మీద రాష్ట్ర చట్టం వేరే ఉంది.

ఇంత చేసినా మీరు కోరుకున్నది దొరకదు. తేలికపాటి రివాల్వర్ ఎవరైనా కొనేది జేబులో పెట్టుకోవడానికే. జేబులో పెడితే దాచి మోసినట్టు. నార్త్ కరోలినాలో దానికి పర్మిట్ కావాలి, ఆ పర్మిట్ పౌరులకూ గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకూ మాత్రమే ఇస్తారు. మీ ఇంటి పక్కనున్న అమ్‌స్టెడ్ లాంటి స్టేట్ పార్కుల్లోకి తుపాకీ తీసుకెళ్లే వెసులుబాటు కూడా ఆ పర్మిట్‌దారులకే. స్మోకీ లాంటి నేషనల్ పార్కుల్లో 2010 ఫిబ్రవరి నుంచి ఆ రాష్ట్ర చట్టమే నడుస్తోంది. కాబట్టి పైకి కనిపించేలా నడుముకు కట్టుకుని నడవాలి, విజిటర్ సెంటరులోకి తేకూడదు, పార్కులో కాల్చడం నిషేధం. శిఖరాల మీద బాట టెన్నెసీ వైపు ఒరిగితే చట్టం మారుతుంది.

మీ ఆవిడ భయానికి జవాబు బేర్ స్ప్రే, ఎలుగుబంటి మీద కొట్టే ఘాటైన కారపు స్ప్రే. స్మోకీ పార్కులో జంతువుల నుంచి ప్రాణరక్షణకు దాన్ని అనుమతిస్తారు. నడుముకు తగిలించుకోండి, సంచి అడుగున కాదు. ఎలుగుబంటికి 50 గజాల కంటే దగ్గరికి వెళ్లడం అక్కడ నేరం కూడా, పిల్లలతో ఉన్న తల్లి కనిపిస్తే వెనక్కి నడవండి. ఒంటరిగా కాకుండా ఒకరితో కలిసి వెళ్లండి, ఆవిడ కోరిందీ అదే కదా.

ఇక ఆ సంచి. డిసెంబరులో అదే సంచితో విమానం ఎక్కుదామనుకుంటున్నారేమో. మన విమానాశ్రయాల్లో సంచి జేబులో ఒక్క తూటా దొరికినా 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 25 కింద కేసు పెడతారు. తెలియకుండా ఉండిపోయిందని రుజువైతే 1972 నాటి గున్వంత్‌లాల్ తీర్పు ఆసరాగా కేసులు కొట్టేసిన సందర్భాలున్నాయి, ఎందుకంటే దగ్గర ఉందన్న ఎరుక ఉండాలని ఆ తీర్పు చెప్పింది. మీరు తెలిసే ఉంచానని చేతులారా రాశారు. అక్కడ అరెస్టయితే తిరుగు ప్రయాణానికి వీసా స్టాంపింగ్ కోసం నింపే డీఎస్-160 ఫారంలో ఆ సంగతి చెప్పాలి.

కాబట్టి ఈ వారంలోనే, టిక్కెట్టు సంగతి పక్కనపెట్టి, ఫీజు ఇచ్చి ఒక ఫెడరల్ క్రిమినల్ లాయర్ని కలవండి. నాకు రాసిన ఉత్తరానికి గోప్యత రక్షణ లేదు, ఆయనతో మాట్లాడే మాటకు ఉంటుంది. తూటాలను మీరుగా చెత్తలో వేయకండి, స్నేహితుడికి ఇవ్వకండి, మీరుగా స్టేషనుకు తీసుకెళ్లకండి. వాటిని ఎలా, ఎవరికి అప్పగించాలో ఆయన చెబుతారు, చాలావరకు ఆయనే చేయిస్తారు. ఆ పని అయ్యాక సంచిని బోర్లించి, ప్రతి జిప్పూ తెరిచి చూసుకోండి. ఇండియాకు వేరే సంచి కొనుక్కోండి.