కాలనీలు లెక్కపెట్టే ముందు

చిరంజీవి మేనకోడలికి,

ల్యాబ్‌లో ఎముక మజ్జ కల్చర్లు, అంటే మజ్జ కణాలను ప్లేట్లలో పెంచే పని, ఇకనుంచి నువ్వే చూస్తావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషమైంది. ఈ పని ఎన్నో ఏళ్లు చేసినవాణ్ణి కాబట్టి, ముందుగా ఒక్క మాట చెప్పాలనిపించింది.

గుంటూరు పిల్లవి, మిరప నారు గురించి నీకు చెప్పక్కర్లేదు. నారు పలచగా వచ్చిందని వెంటనే విత్తనాన్ని తిట్టం, మడిలో ఏముందో చూస్తాం. ప్లేటులో కాలనీలు, అంటే ఒక్కో కణం నుంచి పెరిగే కణాల గుంపులు, తక్కువగా వచ్చినా అంతే. మజ్జ శాంపిల్‌లో రక్తాన్ని పుట్టించే కణాలతో పాటు టి లింఫోసైట్లు (టి కణాలు), మోనోసైట్లు అనే తెల్లరక్తకణాలు కూడా వస్తాయి. అవి ఊరికే ఉండవు. ఉత్తేజం పొందిన టి కణం జీఎం-సీఎస్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-3 అనే ప్రోటీన్లు వదిలితే కాలనీలు పెరుగుతాయి. అదే టి కణం ఇంటర్‌ఫెరాన్ గామా, టీఎన్ఎఫ్ వదిలితే అణిగిపోతాయి.

ఇది నాకు ఆలస్యంగా తెలిసొచ్చింది. మజ్జలో రక్తకణాలు సరిగా తయారుకాని జబ్బు, ఏప్లాస్టిక్ ఎనీమియాతో వచ్చిన ఒక కుర్రాడి ప్లేట్లలో పద్నాలుగో రోజుకి కాలనీలు దాదాపు లేవు. కణాలే మిగల్లేదని రిపోర్టు రాసిచ్చేశాను. మనసొప్పక, మరో శాంపిల్‌లో టి కణాలు తీసేసి మళ్లీ పెట్టాను. అప్పట్లో గొర్రె ఎర్రరక్తకణాలు టి కణాల చుట్టూ అతుక్కుని పువ్వుల్లా (రోజెట్లు) కట్టేలా చేసి వేరుచేసేవాళ్లం. ఈసారి మైక్రోస్కోపు కింద ఒక మూల ఎర్రటి చిన్న గుత్తి కనిపించింది, పక్కనే ఇంకోటి. ఆ రిపోర్టు వెనక్కి తీసుకోవడానికి డాక్టరుగారి దగ్గరికి పరుగెత్తాను. ఈ జబ్బులో టి కణాలను అణచే ఏటీజీ, సైక్లోస్పోరిన్ మందులు ఎందుకు ఇస్తారో ఆ గుత్తిని చూశాకే నాకు బాగా అర్థమైంది.

అందుకే ప్రతి శాంపిల్‌నీ మూడు రకాలుగా పెట్టు: ఉన్నది ఉన్నట్టు, టి కణాలు తీసేసి, తీసినవాటిని మళ్లీ కలిపి. మూడోది శ్రమ అని వదిలెయ్యకు. తేడా నిజంగా టి కణాల వల్లేనా, లేక వేరుచేసేటప్పుడు జరిగిన నలుగుడు వల్లా అన్నది అదే చెబుతుంది. మోనోసైట్లను మాత్రం తొందరపడి తీసెయ్యకు, కాలనీలకు కావాల్సిన పోషక ప్రోటీన్లు కొన్ని వాటి నుంచే వస్తాయి.

కణాలను పెంచడానికి వాడే మిథైల్‌సెల్యులోజ్ జిగురు తేనెలా సాగుతుంది. మామూలు పిపెట్‌తో కొలత రాదు, లావు సూది సిరంజి వాడు. బుడగలు పోయేదాకా ఆగు. ప్లేట్ల పక్కన నీళ్ల గిన్నె తప్పకుండా ఉంచు, లేకపోతే రెండు వారాల్లో అంచులు ఎండిపోతాయి. యాభై కణాలు దాటితేనే కాలనీ అని లెక్కెయ్యి.

మొదటి ప్లేట్లు లెక్కపెట్టిన రోజు నాకు ఫోన్ చెయ్యి.

మీ మామయ్య