నోరు పదేపదే పూస్తుంటే

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. రెండు మూడు నెలలకొకసారి నోరు పూస్తోందనీ, పూసినప్పుడల్లా బి కాంప్లెక్స్ బిళ్లలు నాలుగు రోజులు వేసుకుని, పుండు తగ్గగానే మానేస్తున్నాననీ రాశావు. మామూలు నోటిపూత ఏ మందూ వేయకపోయినా ఒకటి రెండు వారాల్లో తనంతట తానే మానిపోతుంది. అందువల్ల ఆ సమయంలో వేసుకున్న మాత్ర ఏదైనా సరే దానికే పేరు వస్తుంది, కారణం మాత్రం ఎక్కడిదక్కడే ఉండిపోతుంది. ఇన్నేళ్ల పళ్ల వైద్యంలో నా దగ్గరకు వచ్చినవారిలో ఎక్కువమంది పొరబడింది ఇక్కడే. ఉన్న పుండు బాధ తగ్గించుకోవడం ఒక పని, మళ్లీ రాకుండా చూసుకోవడం వేరే పని. రెంటికీ ఒకే మందు ఉండదు.

ముందుగా అద్దం దగ్గరకు వెళ్లి, మంచి వెలుతురులో పెదవి తిప్పి చూసుకో. గుండ్రంగానో కోలగానో ఉండి, నడుమ తెల్లగా లేదా పసుపుపచ్చగా, చుట్టూ ఎర్రని అంచుతో, పెదవి లోపలో బుగ్గ లోపలో నాలుక కిందో ఉంటే అది మామూలు నోటిపూతే. పెదవి బయట నీటి పొక్కులు గుంపుగా లేచి చెక్కు కడితే అది హెర్పిస్ వైరస్ వల్ల వచ్చేది, ఒకరినుంచి ఒకరికి అంటుకుంటుంది. నోటిపూత అంటుకోదు కాబట్టి నీ గ్లాసు వేరుగా పెట్టుకోనక్కరలేదు. సాధారణంగా ఈ పుండ్లు 10 మిల్లీమీటర్ల లోపే ఉండి మచ్చ మిగల్చకుండా మానుతాయి. అంతకు మించి పెద్దగా, లోతుగా ఉన్నవి వారాల తరబడి ఉండి మచ్చ కూడా మిగల్చవచ్చు కాబట్టి వాటికి సొంత వైద్యం పనికిరాదు.

ఇప్పుడున్న పుండుకు, గ్లాసు గోరువెచ్చని నీటిలో అర చెంచా ఉప్పు కలిపి రోజుకు మూడు నాలుగు సార్లు పుక్కిలించు. మంట ఓర్వలేకపోతే ఉప్పుకు బదులు తినే సోడా వాడవచ్చు. పులుపు, కారం, మరీ వేడివి, అంచులు గుచ్చుకునే గట్టి పదార్థాలు పుండు మానే వరకు పక్కన పెట్టు. నొప్పి మరీ ఎక్కువగా ఉంటే తిండికి కాస్త ముందు లిడోకెయిన్ జెల్ రాసుకోవచ్చు కానీ, అది మొద్దుబారుస్తుందే తప్ప మాన్పదు. త్వరగా మానడానికి వైద్యులు రాసేది, వాపు తగ్గించే స్టెరాయిడ్ మందైన ట్రయామ్‌సినోలోన్ 0.1 శాతం ఉన్న, నోటిలో అతుక్కునే పేస్టు. మండుతున్నట్లు, చురుక్కుమన్నట్లు అనిపించిన తొలి రోజుల్లోనే మొదలుపెడితే దాని ఫలితం బాగుంటుంది.

ఆ పేస్టు రాసే తీరు చాలామందికి తెలియదు గనుక వివరంగా చెబుతాను. భోజనం చేసి నోరు కడుక్కున్న తరువాత, శుభ్రమైన దూదితో పుండు మీది తడిని అద్దినట్లుగా తీసేయాలి. ఆవగింజంత పేస్టు వేలికొనమీద తీసుకుని పుండుపై పెట్టి, పలుచని పొర ఏర్పడేవరకు మెల్లగా ఒత్తాలి. రుద్దితే అది ఇసుకలా పొడిపొడిగా రాలిపోతుంది, పొర కట్టదు. తరువాత అరగంటైనా ఏమీ తినకూడదు, తాగకూడదు. పడుకోబోయే ముందు రాసుకుంటే మందు రాత్రంతా అక్కడే నిలుస్తుంది. ఒక మాట: నొప్పి పోతుందని ఆస్పిరిన్ బిళ్లను పుండు మీద పెట్టుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. అది నోటి లోపలి పొరను కాల్చి, ఉన్న పుండును రెట్టింపు చేస్తుంది.

ఇక రెండో పని. పుండు వచ్చినప్పుడల్లా తేదీ, నోటిలో అది వచ్చిన చోటు, ఆ వారంలో నిద్ర, ఆందోళన, నెలసరి, కొత్తగా వాడిన మందులు ఒక పుస్తకంలో రాసి పెట్టు. ఎప్పుడూ ఒకే చోట వస్తుంటే ఆ ఎదుట ఉన్న పన్ను అంచు పదునుగా ఉందేమో, క్లిప్పు తీగ గీసుకుంటోందేమో వెతకాలి. ఆ అంచు నునుపు చేయించడంతోనే సమస్య తీరిపోయినవారిని నేను చాలామందిని చూశాను. చోటు మారుతూ వస్తుంటే కారణం ఒంట్లో వెతకాలి. ఇంట్లో తల్లికో తండ్రికో ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ, దాన్ని మనం మార్చలేం.

మార్చగలిగిన వాటిలో టూత్‌పేస్టు ఒకటి. నురగ కోసం కలిపే సోడియం లారిల్ సల్ఫేట్ కొందరికి నోటి లోపలి పొరను రేపుతుంది. ట్యూబు మీద ఆ పేరు ఉంటే, అది లేనిదానికి మారి మూడు నెలలు చూడు. బ్రష్షు మెత్తనిది ఉండాలి, చేతి బలం చూపించకూడదు.

మాత్రలు కొనేముందు రక్తపరీక్ష చేయించుకో. ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 లోపాలు నోటిపూతకు దారితీయగలవు. హిమోగ్లోబిన్ సరిగా ఉన్నా ఇనుము నిల్వలు తగ్గి ఉండవచ్చు కనుక ఫెరిటిన్ కూడా చూడమని అడుగు. లోపం తేలితే దాన్ని నెలల తరబడి సరిదిద్దాలి, నాలుగు రోజులు చాలవు. బి12 తక్కువగా ఉండగా ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఎక్కువ మోతాదులో వాడితే రక్తహీనత కప్పబడి, నరాలకు జరిగే నష్టం లోలోపల సాగిపోవచ్చు. అందుకే పరీక్ష ముందు, మాత్ర తరువాత అంటున్నాను.

మూడు వారాలు దాటినా మానని పుండును, అందులోనూ నొప్పి లేకుండా అంచులు గట్టిపడిన దాన్ని, తప్పక వైద్యునికి చూపించాలి. నోటి క్యాన్సర్ మొదట అలా కనిపించవచ్చు, పొగాకు వాడేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. నోటిపూతతో పాటు జననాంగాల దగ్గర పుండ్లు, కళ్లు ఎర్రబడటం ఉంటే, రక్తనాళాలు వాచే అరుదైన బెహ్‌చెట్ వ్యాధి కావచ్చు, విడవని విరేచనాలు, బరువు తగ్గడం ఉంటే పేగుల జబ్బు కావచ్చు. జ్వరం వచ్చినా, మింగలేకపోయినా ఆగకుండా వెళ్లు.

నీ ఉత్తరాన్ని బట్టి ఇవేవీ నీకు ఉన్నట్లు లేవు. వైద్యుని దగ్గరకు వెళ్లేటప్పుడు ఆ పుస్తకంతో పాటు నువ్వు వాడే మందుల పేర్లన్నీ రాసుకుని వెళ్లు. నొప్పి మాత్రల్లో కొన్ని కూడా నోటిపుండ్లు తెస్తాయి కనుక తలనొప్పికి అప్పుడప్పుడు వేసుకునేది కూడా అందులో ఉండాలి. రక్తపరీక్ష ఫలితాలు వచ్చాక నాకు పంపు.

ఆశీస్సులతో,
పెదనాన్న